ఆరు తగ్గిన సముద్రం

నేను రిటైరయిన రోజు సభలో ఎవరో, ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఈవిడ లెక్క ఒక్కసారి కూడా తప్పలేదని పొగిడారు. మెడలో దండ ఉండగా కాదనడం బాగుండదని ఊరుకున్నాను. వెనక వరసలో కూర్చున్న మా ఆయా మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు కూడా నవ్వుకోవచ్చు. నవ్వడం అయ్యాక ఎవరి పుస్తకం వాళ్ళు ఒకసారి తీసి చూసుకుంటే మంచిది.

ముందు మొత్తం చెప్పేస్తాను. మూడు వందల ఇరవై కొలతలు తప్పు. ఇరవై రోజులు, రోజుకు పదహారు. ఒక్కటైనా పొరపాటున ఒప్పయి ఉంటుందేమోనని తరవాత వెతికాను. లేదు.

మా ల్యాబు పుదుచ్చేరిలో, జాలరిపేట వైతికుప్పం పడవలు కనిపించేంత దూరంలో ఉండేది. రెండు గదులు, ఒక రేకుల షెడ్డు. చేపపిల్లలకు మొదటి మేత పెంచడం మా పని. గుడ్డులోంచి వచ్చిన చేపపిల్ల రెండు రోజులు పొట్టలోని సొనతో గడిపేస్తుంది. మూడో రోజు నోరు తెరుస్తుంది. ఆ నోట్లో పట్టేంత చిన్న మేత కావాలి, అది ప్రాణంతో కదులుతుండాలి, ఆ రోజే కావాలి. నాలుగో రోజు పెడతామంటే తినడానికి ఎవరూ మిగలరు. ఆ మేత పేరు రోటిఫర్.

కంటికి అది దుమ్ము రేణువుగా కూడా ఆనదు. మైక్రోస్కోపు కింద మాత్రం చిన్న పూలకుండీ తల మీద రెండు చక్రాలు బిగించినట్టు ఉంటుంది. చక్రాలంటే నిజానికి వెంట్రుకలే. అవి గిరగిరా ఆడుతుంటే నీళ్ళలోని తిండి నోట్లోకి కొట్టుకొస్తుంది. గుడ్లను వెనకాల తగిలించుకుని ఈదుతుంది. బాగా తిన్న ఆడది మగవాటి ఊసే లేకుండా కూతుళ్ళను కంటుంది. ఆ కూతుళ్ళు ఒకటి రెండు రోజుల్లో తల్లులవుతాయి. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు మా ఆయా మైక్రోస్కోపుకు దణ్ణం పెట్టింది.

"పుణ్యాత్మురాళ్ళక్కా! అత్త లేదు, మొగుడు లేదు. దినమంతా చక్రం తిప్పుకుంటా తినేదే పని!"

ఆయాది కూడా మా ఒర్లియంపేటే, మాకు రెండు వీధుల అవతల. ఊడవడం, తొట్లు కడగడం, అందరికీ కాఫీ పెట్టడం ఆమె పని. ఇక మిగిలింది ఇద్దరు. ఒకాయన రోటిఫర్లు తినే నాచు నీళ్ళను పెద్ద సీసాల్లో పెంచేవాడు. ఆయన్ని పచ్చనీళ్ళ తమ్ముడు అనేదాన్ని. రెండోవారు మా సారు. కోస్తా నుంచి వచ్చినవారు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. మా తెలుగు విన్నప్పుడల్లా "మీరు మాట్లాడేది తెలుగా, తమిళమా అమ్మా?" అని అడిగేవారు. "ముందు మీకు అర్థమయిందా లేదా చెప్పండి సార్" అనేదాన్ని.

ఆ ఎండాకాలం సారు ఒక పరీక్ష పెట్టారు. నీళ్ళలో ఉప్పు ఎంత ఉంటే, ఏ మేత పెడితే రోటిఫర్లు తొందరగా పెరుగుతాయో తేల్చాలి. సముద్రంలో ఉప్పు లీటరుకు ముప్పై అయిదు గ్రాములు. దాంట్లో మామూలు నీళ్ళు కలిపి అయిదు, పది, పదిహేను, ఇరవై, ఇరవై అయిదు అని అయిదు రకాల ఉప్పు తయారు చేశాం. మేతలు మూడు: పచ్చనీళ్ళు, బేకరీలో రొట్టెలకు వాడే ఈస్టు, రెండూ సగం సగం. మూడయిదులు పదిహేను తొట్లు. ఒక్కో తొట్టిలో రోటిఫర్లను లెక్కపెట్టడం రోజుకు మూడుసార్లు, పది రోజులు. మళ్ళీ మొదటి నుంచి ఇంకో పది రోజులు. తొమ్మిది వందల లెక్కలు. అన్నీ నేనే చేశాను, ఎందుకంటే ఇంకొకరు చేస్తే నేను మళ్ళీ చేసేదాన్ని.

ఉప్పు కొలవడానికి చేతిలో పట్టుకునే దుర్బిణి లాంటి పరికరం ఒకటి ఉంది. దాని అద్దం మీద ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే లోపల గీత ఎన్ని గ్రాములో చూపిస్తుంది. రోజూ కొలవబోయే ముందు ఉప్పు లేని నీటి చుక్క వేసి, చిన్న మర తిప్పి, గీతను సున్నా మీద నిలబెట్టాలి. ఆ చుక్క డిస్టిల్డ్ వాటర్ కావాలని పరికరంతో వచ్చిన కాగితంలో ఉంది. మా డబ్బా అయిపోయింది. కొత్తది అడిగితే రావడానికి నెల పడుతుందన్నారు. రోజుకు ఒక్క చుక్క కోసం అంత హడావిడి ఎందుకని, కుళాయి నీళ్ళతో సున్నా పెట్టుకున్నాను. పుస్తకం మొదటి పేజీలో "సున్నా: మంచినీళ్ళతో" అని ఎర్ర సిరాతో రాశాను కూడా. తొట్లలో కలిపిన మామూలు నీళ్ళూ ఆ కుళాయివే.

పదిహేను తొట్లయ్యాక పదహారో కొలత ఒకటి రాసేదాన్ని, అది సముద్రానిది. షెడ్డులోకి పంపు తోడే నీళ్ళు రోజూ ఒక చుక్క చూసి చివరి గడిలో వేసేదాన్ని. ఎవరూ రాయమనలేదు. తొట్లన్నింటికీ తల్లి అదే కదా, తల్లిని వదిలి పిల్లల్ని కొలవడం ఏమిటని నా పట్టింపు. పచ్చనీళ్ళ తమ్ముడికి అది పెద్ద వేడుక.

"ఏందక్కా, సముద్రానికి జొరమా? దినం నాడి చూస్తా ఉండావు."

"ఇరవై తొమ్మిది ఉండాది. ముప్పై అయిదు ఉండాల."

"పావం, చిక్కిపోయినాది. మీ ఇంటి నుంచి రెండు ఊరగాయ ముక్కలు తెచ్చి వేయి."

మొదటి విడతలో సముద్రం ముప్పై. రెండో విడతలో ఇరవై తొమ్మిది. సారుతో చెబితే, ఎక్కడో నది నీళ్ళు కలుస్తున్నాయేమో అన్నారు. ఆ ఎండల్లో మా చుట్టుపక్కల నదుల్లో కాలు తడవడానికి కూడా నీళ్ళు లేవు. అయినా నేను ఒప్పుకున్నాను. కొలిచింది నేను కాబట్టి తప్పు సముద్రానిదే అయి ఉండాలి.

ఇంకో సంగతి. ఆ రోజుల్లోనే ల్యాబులో చేతులు కడుక్కుంటే సబ్బు నురగ రావడం మానేసింది. నేను సబ్బు మార్చాను. అదీ నురగ రాలేదు. మూడో సబ్బు కంపెనీకి, మీ సరుకు నిమిషమున్నర రుద్దినా నురగ పుట్టడం లేదని ఉత్తరం రాశాను. వాళ్ళు క్షమాపణ చెప్పి రెండు సబ్బులు ఊరికే పంపారు. ఆ పాపం ఇప్పటికీ నా తల మీదే ఉంది.

ఇక ఫలితాలు చూడండి. ఈస్టు తొట్లు మొదట ఉరకలు వేశాయి. నాలుగో రోజు దాకా పచ్చనీళ్ళ తొట్లతో పోటీ పడి, ఏడో రోజుకు కల్లు దుకాణం వాసన కొట్టి, జనాభా అంతా అడుగున పడిపోయింది. పచ్చనీళ్ళ తొట్లు నిలిచాయి. సగం సగం తొట్లు వాటి వెనకాలే వచ్చాయి. "నా బిడ్డల నీళ్ళు తాగినోళ్ళే బతికేది" అని తమ్ముడు తన సీసాలకు ముద్దు పెట్టాడు. ఇదంతా అనుకున్నదే.

అనుకోనిది ఉప్పు దగ్గర వచ్చింది. రోటిఫర్లకు పది నుంచి ఇరవై లోపల బాగుంటుందని పుస్తకాల్లో ఉంది. మా దగ్గర అన్నిటికంటే బాగా పెరిగింది అయిదు తొట్టి, అంటే అయిదు ఉప్పులో పచ్చనీళ్ళు పోసింది! మిల్లీలీటరుకు పది రోటిఫర్లతో మొదలుపెట్టాం, ఆరో రోజుకు రెండు వందల పన్నెండు. రెండో విడతలోనూ అదే. దాదాపు చప్పటి నీళ్ళలో, ఒక్కోటి మూడేసి గుడ్లు మోసుకుంటూ, చక్రాలు తిప్పుకుంటూ తిరిగాయి మా అమ్మాయిలు. నేను మైక్రోస్కోపు దగ్గర నుంచి లేవకుండానే సారును కేకేశాను. ఆయన చూసి, షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, మళ్ళీ చూశారు.

"అమ్మా, ఇది మామూలు రోటిఫర్ కాదు. మన తీరంలో పుట్టిన కొత్త రకం!"

ఆ వారం మాకెవరికీ కాళ్ళు నేల మీద ఆనలేదు. వచ్చే మంగళవారం పెద్దల సమావేశంలో చెప్పడానికి సారు కాగితాలు సిద్ధం చేసుకున్నారు. తమ్ముడు దానికి పేరు పెట్టే పనిలో పడ్డాడు. పూటకో పేరు చెప్పేవాడు, అన్నిట్లోనూ ఏదో ఒక మూల అతని ఇంటిపేరు ఉండేది. నేను పైకి గంభీరంగా ఉండి, ఇంటికి నడుస్తూ నాలో నేను నవ్వుకునేదాన్ని. మా వీధిలో ఎవరో "ఏందక్కా, లాటరీ తగిలిందా?" అని కూడా అడిగారు.

శుక్రవారం. రెండో విడత పదో రోజు. ఉదయం పదీ నలభైకి గేటు ముందు ఒక వ్యాను ఆగింది. నెల్లూరు దిక్కు నుంచి ఒక రైతు దిగాడు. వెనకాల డ్రైవరు, అయిదు పెద్ద డబ్బాలు. చప్పటి నీళ్ళలో పెరిగే రోటిఫర్ మా దగ్గర ఉందని ఎవరి నోటనో విని, తెల్లారకముందే బయల్దేరి వచ్చాడు.

"మాది ఉప్పుటేరు పక్కన చెరువు మేడమ్. ఉప్పు అయిదుకు మించదు. డబ్బాల్లో మా నీళ్ళే తెచ్చినా, మీ జీవాలకి ప్రయాణంలో అలవాటవుతాయని. చేపపిల్లలు ఈ తెల్లారుజామునే గుడ్డులోంచి బయటికొచ్చినాయి. రెండు తూర్లు నోరు తెరిచే దినానికే పోయినాయి. ఇది మూడో తూరి. ఇదీ పోతే ఆ తొట్టిలో గుడ్డలు నానబెట్టుకుంటానని మా ఇంటామె చెప్పేసింది."

అతను నవ్వుతూనే చెప్పాడు కానీ, డబ్బా మూత మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

సారు మహా ఉత్సాహంగా అయిదు తొట్టిని చూపించి, లోపల ఫోను మోగితే వెళ్ళారు. ఆయా కాఫీ తెచ్చింది. రైతు ఒక గుక్క తాగి గ్లాసు వంక చూశాడు. మర్యాదస్తుడు, ఇంకో గుక్క తాగాడు. తరవాత మెల్లిగా అడిగాడు.

"మేడమ్, ఈ పక్క కాఫీలో చక్కెర బదులు ఉప్పేస్తారా?"

ఆయా నాలుక కరుచుకుంది. ఆమె రోజూ కాఫీకి ఇంటి నుంచి బిందెలో నీళ్ళు తెచ్చుకునేది. ఆ రోజు మనుషులు ఎక్కువయ్యారు, నీళ్ళు చాలలేదు. ల్యాబు కుళాయి తిప్పి కలిపేసింది.

"యాడిది కుళాయి?" అన్నాడు రైతు. చూపించాం. వేలు తడిపి నాలుక కొసన పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇరవై ఏళ్ళుగా చెరువు గట్టున నీళ్ళు రుచి చూస్తున్న నాలుక అది.

"ఆరు" అన్నాడు. "మా చెరువు కంటే మీ కుళాయే ఉప్పు మేడమ్."

నా చెయ్యి పుస్తకం మీదే ఉంది. మొదటి పేజీ, ఎర్ర సిరా: సున్నా, మంచినీళ్ళతో.

"ఇది మునిసిపాలిటీ నీళ్ళు గదా?" అని ఆయాను అడిగాను.

"అది ఎప్పుటి మాటక్కా! ఆ పైపు పగిలితే బోరుకి తగిలించిపోయినారు గదా. సముద్రం పక్కన బోరు, ఉప్పుగాక తియ్యగా ఉంటాదా?"

"ఎప్పుడు తగిలించినారు?"

"నువ్వు సెలవు పెట్టిన దినం. నటేశన్ నగర్‌లో మీ చెల్లెలి మనవరాలికి చెవులు కుట్టినారే, ఆ దినం."

ఆ ఏడాది అప్పటిదాకా నేను పెట్టిన సెలవు అదొక్కటే.

"ఉప్పని తెలిసి నాకు చెప్పలేదేంది?"

ఆయా నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "నువ్వు అడిగినావా? ల్యాబులో నీళ్ళు నోట్లో పెట్టకూడదని మూడు భాషల్లో బోర్డు రాసి తగిలించింది ఎవురు? ఉప్పని చెప్తే, నోట్లో ఎట్ల పెట్టినావని నన్ను తిట్టవా?"

తిట్టేదాన్నే. ఆ బోర్డులో తెలుగు వరుస చదవగలిగింది ల్యాబులో నేనూ సారూ ఇద్దరమే. మిగతా ఇద్దరూ తమిళ వరుస చూసి తు.చ. తప్పకుండా పాటించారు. అందరూ సీసాల్లో ఇంటి నీళ్ళే తెచ్చుకున్నారు.

కానీ నాలుక మాట నాలుకదే, పరికరం మాట కూడా తెలియాలి. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ సందు చివర మెకానిక్ షాపులో ఉంటుంది. నేనే వెళ్ళాను. వెళ్ళాను అన్నది మర్యాద కోసం రాస్తున్నాను. యాభై ఎనిమిదేళ్ళ మనిషిని, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగెత్తాను. తిరిగి వచ్చి, ఆ సీసాలోని చుక్క వేసి సున్నా పెట్టి, కుళాయి నీళ్ళు చూశాను. ఆరు. ఒక గీత అటూ ఇటూ లేదు. అయిదు తొట్టి చూశాను. పదకొండు.

కొత్త రకమూ లేదు, ఏమీ లేదు. మామూలు రోటిఫర్లు, పుస్తకంలో చెప్పిన ఉప్పులో, పుస్తకంలో చెప్పినట్టే పెరిగాయి.

బయట రైతు డబ్బాల మూతలు విప్పుతున్నాడు. ఆ పదకొండుకు అర్థమేమిటో అతనికి తెలియదు. సారు ఇంకా ఫోనులో మంగళవారం గురించి నవ్వుతూ మాట్లాడుతున్నారు. నేను నోరు మూసుకుంటే ఆ పూట అందరూ సంతోషంగా ఉంటారు. రోటిఫర్లు అతని అయిదు నీళ్ళలోకి వెళ్ళి, చావకపోయినా కనడం తగ్గించేస్తాయి. మూడో రోజు నోళ్ళు తెరిచిన పిల్లలకు తొట్టిలో మేత చాలదు. ఇదంతా ఆలోచించడానికి నాకు ఎంతసేపు పట్టిందో రాసుకోలేదు. జీవితంలో రాసుకోని సమయం అదొక్కటే. సారు గదిలోకి వెళ్ళాను.

"సార్, ఫోను పెట్టేయండి. మన సున్నా ఆరు."

ఆయన పెట్టేశారు. చెప్పాను. వరసగా, పైపు నుంచి కాఫీ దాకా. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"అన్ని కొలతలూనా అమ్మా?"

"మూడు వందల ఇరవై సార్. ఒక్కటీ వదల్లేదు."

"రెండు విడతలూ పారబోయాల్సిందే అయితే. బోరులో ఉప్పు రోజూ ఒకేలా ఉండదు. ఏ రోజు ఎంత తప్పామో ఎలా తెలుస్తుంది?"

గుమ్మంలో నిలబడి వింటున్న పచ్చనీళ్ళ తమ్ముడు ఎగిరి లోపలికి వచ్చాడు.

"సార్! సముద్రం!"

పుస్తకం నా చేతిలోంచి లాక్కుని చివరి నిలువు వరుస చూపించాడు. ఇరవై గళ్ళు. సముద్రం ముప్పై అయిదుకు బదులు ముప్పై కనబడ్డ రోజు అయిదు కలపాలి. ఇరవై తొమ్మిది కనబడ్డ రోజు ఆరు కలపాలి. సముద్రం రోజూ తన గడిలో కూర్చుని, నువ్వు ఇంత తప్పావు, ఇంత తప్పావు అని చెబుతూనే ఉంది. నేను దాన్ని చిక్కిపోయిందని అనుకున్నాను.

సారు ఆ వరుస మీద వేలు పెట్టి పై నుంచి కిందికి వచ్చారు. ముందు ఆయన భుజాలు కదిలాయి. తరవాత నవ్వు బయటికి వచ్చింది. ఆయన నవ్వితే తమ్ముడు నవ్వాడు, ఆయా నవ్వింది. చివరికి నేను, పుస్తకం గుండెకు పట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాను. పుట్టని కొత్త రకం రోటిఫర్‌కు పెట్టిన తొమ్మిది పేర్లూ తమ్ముడు వరసగా చదివి సంతాపం చెప్పాడు.

రైతు మాత్రం నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగాడు. "అయితే మేడమ్, నాకు జీవాలు లేనట్టేనా?"

అప్పుడు నాకు నా పని గుర్తొచ్చింది. పెన్సిలు తీసుకున్నాను. అతని డబ్బాలు అయిదు, ఉప్పు అయిదు. నాలుగు డబ్బాలు అలాగే ఉంచితే నాలుగయిదులు ఇరవై. అయిదో దాంట్లో సముద్రం పోస్తే ముప్పై అయిదు. మొత్తం యాభై అయిదు. అయిదు డబ్బాలకు పంచితే పదకొండు. సరిగ్గా పదకొండు! ఏ తొట్టిలో అవి రాణుల్లా బతికాయో ఆ ఉప్పు. ఇంత చక్కటి లెక్క నా ముప్పై ఒక్క ఏళ్ళలో ఇంకోటి తగల్లేదు.

"ఒక డబ్బా పారబోయి. దాంట్లో సముద్రం పట్టుకో. అయిదూ ఒక పెద్ద తొట్టిలో కలిపి మళ్ళీ డబ్బాల్లో నింపుకో. ఇంటి దగ్గర కూడా నాలుగుకి ఒకటి. రోటిఫర్లను ఆ నీళ్ళలో వేరేగా పెంచు. పొద్దునా సాయంత్రం వడగట్టి పిల్లల తొట్టిలో వేయి. అయిదు ఉప్పులో అవి పెరగకపోతే పోనీ. పెరిగేదాకా నీ పిల్లలు వాటిని ఉంచవు."

అతను ఒక్క క్షణం నా మొహం చూసి, ఒక డబ్బా ఎత్తి అక్కడికక్కడే ఇసకలో కుమ్మరించాడు. తమ్ముడు డబ్బా భుజాన వేసుకుని వైతికుప్పం ఒడ్డుకు పరుగెత్తాడు. పంపు ఉందిరా అని అరిచినా వినలేదు. ఒంటి మీద సముద్రంతో, డబ్బాలో సముద్రంతో వచ్చాడు. ఒక చుక్క తీసి చూశాను. ముప్పై అయిదు. మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి వ్యాను వెళ్ళింది, పచ్చనీళ్ళ సీసాలు ఆరు కూడా ఎక్కించుకుని.

మంగళవారం సారు సమావేశంలో కొత్త రకం గురించి కాకుండా, సున్నా ఎలా పెట్టుకోవాలో చెప్పారట. సముద్రం వరుస కూడా చూపించారట. అందరూ నవ్వారనీ, తరవాత చాలామంది ఫోన్లు పట్టుకుని బయటికి వెళ్ళి, వాళ్ళ వాళ్ళ ల్యాబుల్లో కుళాయి దేనికి తగిలించి ఉందో అడిగారనీ వచ్చి చెప్పారు. బోర్డు నేను తీయలేదు. దాని కింద ఒక వరుస చేర్చాను: ఆయా మాత్రం రుచి చూడవచ్చు.

మర్నాడు, బుధవారం, రైతు ఫోను చేశాడు.

"మేడమ్, నోళ్ళు తెరిచినాయి! తింటా ఉండాయి! పొట్టలు గుండ్రంగా కనబడతా ఉండాయి!"

ఆయా నా చెవి పక్కనే చెవి పెట్టి వింటోంది. తమ్ముడు షెడ్డులో ఈల వేశాడు.

"ఎన్ని బతికాయి?" అన్నాను.

"శానా మేడమ్."

"శానా అంటే ఎంత?"

"శానా అంటే… తొట్టి నిండా. యాడ లెక్కపెట్టేది, నిలబడతాయా అవి?"

"లెక్కపెట్టలేదా!"

"మా ఇంటామె కూడా ఇదే మాట అన్నాది. మీరే వచ్చి లెక్కపెట్టుకోండి మేడమ్. కాఫీ మంచినీళ్ళతో పెడతాం."

శనివారానికి సెలవు చీటీ రాసి సారు బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని చూసి, "మీరు లేని రోజున కుళాయిలు ఎవరూ ముట్టుకోకుండా చూస్తాను" అని సంతకం చేశారు. మైక్రోస్కోపుకు గుడ్డ కప్పాను. సంచిలో పుస్తకం, రెండు పెన్సిళ్ళు, ఒక సీసా బ్యాటరీ నీళ్ళు వేసుకుని తెల్లవారుజాము బస్సు ఎక్కాను.